ఓటు లేకపోయినా నీళ్ల లెక్క రాయొచ్చు

ఇరుగుపొరుగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే దిగులు. పక్క ఫ్లాట్‌లో వేరే భాషవాళ్లు, పై అంతస్తులో వేరే మతంవాళ్లు, ఎదురు సందులో వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చినవాళ్లు. అందరికీ ఒకే బోరు నీళ్లు వస్తున్నాయి గానీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. హైదరాబాద్ నగరపాలక సంస్థలో పట్టణ సమాజాభివృద్ధి విభాగం 1967 నుంచి ఉంది. బస్తీల్లో దాన్ని యూసీడీ అనేవాళ్లు. నేను 1980ల మొదట్లో అందులో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేరి రిటైరయ్యేదాకా బస్తీలే తిరిగాను. ఈ దిగులు నాకు బాగా తెలిసినదే కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది మణికొండలో అపార్ట్‌మెంట్. మేం అద్దెకుంటున్నాం. తెలుగువాళ్లం సగం ఉంటాం. మిగతావాళ్లు బెంగాలీలు, ఒడిశావాళ్లు, యూపీ, బీహార్ వాళ్లు, కొన్ని మలయాళీ, ముస్లిం కుటుంబాలు. మీటింగ్‌లో తెలుగు మాట్లాడితే వాళ్లు లేచి వెళ్లిపోతారు, హిందీ మాట్లాడితే మావాళ్లలో పెద్దవాళ్లకు కోపం. వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక గొడవ. అందరినీ కలపాలని బతుకమ్మకు పిలిచాం, వాళ్లు దుర్గాపూజకు పిలిచారు, ఫొటోలు దిగాం. మర్నాడు లిఫ్టులో మళ్లీ ఎవరి ఫోన్ వాళ్లది. రకరకాల మనుషులున్న చోట నమ్మకం ఉండదని అమెరికాలో ఒక ప్రొఫెసరే తేల్చాడట, నీకెందుకీ తాపత్రయం అంటారు మా ఆయన. నిజమేనా?
– ఒక గృహిణి, మణికొండ

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాట సంగతి చూద్దాం. ఆయన విన్నది అబద్ధం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పుట్నమ్ అనే ప్రొఫెసర్, 2000లో అమెరికాలో సుమారు 30,000 మందితో జరిపిన సర్వేను ఆధారం చేసుకుని 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. రకరకాల జాతులవాళ్లు కలిసి ఉండే పేటల్లో జనం పరాయివాళ్లనే కాదు, తమవాళ్లను కూడా తక్కువగానే నమ్ముతున్నారని, తాబేలులా డిప్పలోకి ముడుచుకుంటున్నారని అందులో ఉంది. కానీ అది మొదట్లో ఉండే పరిస్థితి అని కూడా ఆయనే అన్నారు. కాలం గడిచేకొద్దీ ఎవరు మనవాళ్లు అన్న లెక్కే మారుతుందని, వెనకటి రోజుల్లో అమెరికాకు వలస వచ్చినవాళ్ల విషయంలో అలాగే జరిగిందని చెప్పారు. మీ ఆయన దాకా మొదటి సగమే వచ్చినట్టుంది. తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశీలనల్లో ఇంకొకటి తేలింది. అలాంటి పేటల్లోనే ఉంటూ ఇరుగుపొరుగుతో తరచూ మాట్లాడేవాళ్లలో ఆ అపనమ్మకం తక్కువగా ఉంది. కాబట్టి మీ తాపత్రయం వృథా కాదమ్మా.

అయితే ఎలా కలుస్తున్నాం అనేదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఈ సంగతి చెప్పారు. కలిసినవాళ్లు ఆ కాసేపైనా సమానంగా ఉండాలి. అందరికీ అవసరమైన పని ఒకటి ఉండాలి. ఆ పని ఒకరికొకరు సాయపడితేనే జరిగేది కావాలి. దానికి పెద్దల, అధికారుల మద్దతు ఉండాలి. ఇప్పుడు మీ బతుకమ్మను తీసుకోండి. మీరు పిలిచారు, వాళ్లు వచ్చారు. పూలు మీవి, పాటలు మీవి, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ముగించాలో తెలిసింది మీకే. వాళ్లు చుట్టాలలా ఒక పక్కన నిలబడి ఉంటారు. దుర్గాపూజలో మీ పరిస్థితీ అంతే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు మర్యాదగా తిని మర్యాదగా వెళ్లిపోతారు. అందులో ఎవరి తప్పూ లేదు.

పాతబస్తీలో నేను చూసుకున్న ఒక గల్లీలో నల్లా ఒకటే. రోజు విడిచి రోజు నీళ్లు, అదీ కాసేపే. బిందెల వరుస దగ్గర రోజూ కొట్లాట. తెలుగు ఇళ్లు, ఉర్దూ ఇళ్లు, ఒకటి రెండు మరాఠీ ఇళ్లు. నల్లా పాడైతే బాగుచేయించడానికి తలా కొంత వేసుకోవాలి, కానీ ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్నదే తగవు. మహిళా మండలిలో చాలాసేపు వాదించుకుని ఆడవాళ్లే దారి కనిపెట్టారు. డబ్బా ఒక తెలుగామె ఇంట్లో, తాళంచెవి ఎదురింటి ఆపా (ఉర్దూలో అక్క) దగ్గర. డబ్బా తెరవాలంటే ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి. పుస్తకంలో ఒకామె తెలుగులో రాసేది, కింద అదే లెక్క ఆపా కూతురు ఉర్దూలో రాసేది. మొదట్లో ఇద్దరూ గడప మీద నిలబడే లెక్క చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. తర్వాత కూర్చోవడం మొదలైంది, ఆ తర్వాత చాయ్. 1990 డిసెంబర్‌లో మత ఘర్షణలతో నగరం తగలబడినప్పుడు, కర్ఫ్యూ సడలించిన గంటల్లో పోలీసు పికెట్ దగ్గరికి వెళ్లి మా గల్లీకి ట్యాంకర్ పంపించండని అడిగింది ఆ ఇద్దరే, పక్కపక్కన నిలబడి. వాళ్లను స్నేహం చేసుకోండమ్మా అని మేమెవరం బతిమాలలేదు. లెక్క చూసుకోమన్నాం, అంతే.

మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఆ డబ్బా లాంటి పని ఏదో ఒకటి ఉంటుంది. మణికొండ అంటున్నారు కాబట్టి ఎండాకాలం ట్యాంకర్ల సంగతి నేను ఊహించగలను. ట్యాంకర్ ఎన్నింటికి వచ్చింది, నిండుగా వచ్చిందా, ఎవరు దగ్గరుండి సంపులో పోయించారు, ఎంత ఇచ్చారు అన్నది ఒక పుస్తకంలో రాయాలి. మీలో చాలామంది అద్దెకున్నవాళ్లే అయ్యుంటారు. అసోసియేషన్ ఎన్నికల్లో ఓటు యజమానులదే, దాన్ని ఇప్పుడు మార్చలేరు. కానీ బైలాస్ (అసోసియేషన్ నియమావళి) కాపీ అడిగి తీసుకుని చదవండి. నీళ్ల లెక్క రాయడానికి సొంత ఫ్లాట్ ఉండాలని అందులో ఉందేమో చూడండి. లేకపోతే కార్యదర్శి దగ్గరికి వెళ్లి, ట్యాంకర్ లెక్క చూడటానికి నలుగురం ముందుకొస్తున్నాం, అందులో ఇద్దరం అద్దెకున్నవాళ్లం, ఇద్దరి మాతృభాష తెలుగు కాదు అని చెప్పండి. పని తగ్గుతుందంటే కాదనే కార్యదర్శిని నేను చూడలేదు.

ఆ నలుగురూ పనిలోకి దిగాక జరిగేది కూడా చెబుతాను. వాచ్‌మన్ పొద్దున ఆరింటికి మోటారు వేస్తాడనుకుందాం. రంజాన్‌లో ముస్లిం ఇళ్లలో సహరీకి, అంటే ఉపవాసానికి ముందు భోజనానికి, తెల్లవారక ముందే నీళ్లు కావాలి. ఈ సంగతి ఎవరూ గ్రూపులో రాయరు, బకెట్లు నింపి పెట్టుకుని సర్దుకుపోతారు. మలయాళీ ఇంట్లో నర్సు ఉంటే, నైట్ డ్యూటీ చేసి ఆమె ఇంటికి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. కార్తీక మాసంలో మన ఆడవాళ్లకూ చీకటితోనే తలస్నానానికి నీళ్లు కావాలి. మోటారు వేళలు మార్చుకోవాలని నలుగురు కూర్చుంటే ఇవన్నీ బయటికి వస్తాయి. అలా కూర్చున్నప్పుడే పక్కింటివాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. ఎన్ని పండగ ఫొటోలు దిగినా అది తెలియదు.

మీటింగ్ భాష గురించి. ఒకే భాష ఉండాలని పట్టుబడితే ఆ మీటింగ్ ఎప్పుడూ సగం మందిదే అవుతుంది. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడనివ్వండి. ఒక విషయం ముగిసినప్పుడల్లా ఒకరు దాన్ని రెండో భాషలో నాలుగు ముక్కల్లో చెప్పాలి. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఈ పని అప్పగిస్తే చక్కగా చేస్తారు, పైగా పిల్లల ముందు పెద్దలు కాస్త గొంతు తగ్గిస్తారు. నోటీసు బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ ఉండాలి, తెలుగు పైన ఉండాలి. ఇది మన ఊరు కాబట్టి తెలుగు ముందుండాలని కోరడంలో తప్పేమీ లేదు, మీ పెద్దవాళ్ల కోపంలో ఆ న్యాయం ఉంది. దాన్ని కొట్టిపారేయకండి. గొడవ పెరిగే విషయాలు గ్రూపులో తేల్చుకోకండి. డబ్బు, కుక్కలు, పార్కింగ్ ఈ మూడూ సెల్లార్‌లో ఎదురెదురుగా కుర్చీలేసుకుని మాట్లాడుకోవలసినవి.

పండగలు మానమని నేను అనడం లేదు. సద్దుల బతుకమ్మ, బెంగాలీల అష్టమి పూజ సాధారణంగా ఒకే రోజు వస్తాయి, మీ సెల్లార్ ఒక్కటే. ఈ ఏడు రెండు పక్షాల ఆడవాళ్లూ ముందే కూర్చుని ఆ సాయంత్రం గంటలు పంచుకోండి. లైట్లు, కుర్చీలు, మైక్ ఖర్చు ఒకే పద్దులో రాయండి. అప్పుడు బతుకమ్మ దగ్గర ఆ బెంగాలీ ఆవిడ చుట్టంలా నిలబడదు, మైక్ వాడికి డబ్బులిచ్చారా లేదా అని మిమ్మల్నే అడుగుతుంది.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. కిందికి ఆడుకోవడానికి వెళ్లి పూర్తిగా హిందీలోనే మాట్లాడుతోంది. తెలుగు పోతుందేమోనని టెన్షన్. పంపడం మానేయమంటారా?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: మానేయకండి. ఐదేళ్ల పిల్లకు రెండు మూడు భాషలు బరువు కాదు, ఇంట్లో మీరు తెలుగు మాట్లాడినంత కాలం అది పోదు. చేయవలసింది వేరే ఉంది. మీరే కిందికి దిగి పిల్లలందరికీ తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాట, నాలుగు స్తంభాలాట నేర్పండి. ఆటతోపాటు ఆ మాటలూ వస్తాయి. పిల్లలు ఆడుకునే చోట తల్లులు కూడా కూర్చుంటే మీకూ నలుగురు తెలుస్తారు.

ప్రశ్న: నేనూ నా భర్తా ఇద్దరం ఉద్యోగస్తులం. ఆఫీసుకు దగ్గరగా ఇల్లు కోసం తిరుగుతున్నాం. ఫోన్‌లో అంతా బాగానే మాట్లాడతారు, పేరు చెప్పగానే ‘ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారమ్మా’ అంటారు. కొందరు నేరుగానే ముస్లింలకు ఇవ్వం అన్నారు. మా అమ్మావాళ్లు ముస్లింలు ఎక్కువగా ఉండే టోలీచౌకీలోనే చూసుకోమంటున్నారు. నేను పుట్టి పెరిగిన ఊరు ఇది, తెలుగు మీడియంలో చదివాను. చట్టం ఏమీ చేయదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది, బాధా కలిగింది. చట్టం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఆశ పెట్టి వదలను. రాజ్యాంగం 15వ అధికరణం మతం, కులం కారణంగా దుకాణాల్లోకి, హోటళ్లలోకి, బావుల దగ్గరికి రానివ్వకపోవడాన్ని నిషేధించింది. అద్దె ఇళ్ల మాట అందులో లేదు. అహ్మదాబాద్‌లో పార్సీల గృహనిర్మాణ సంఘం తమవాళ్లకే ఇళ్లు అన్న నిబంధన పెట్టుకుంటే, 2005లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. అంటే ఒక ప్రైవేటు యజమాని ఇల్లు ఇవ్వనంటే కోర్టుకెళ్లి ఇప్పించుకోవడం చాలా కష్టం. ఇది మారాలని నేను గట్టిగా నమ్ముతాను. మారేదాకా మీకు తలదాచుకునే ఇల్లు కావాలి గదా.

బ్రోకరు ద్వారా కాకుండా తోటి ఉద్యోగుల ద్వారా వెతకండి. మీతో పనిచేసేవాళ్లలో సొంత ఫ్లాటున్నవాళ్లు, తమ అపార్ట్‌మెంట్‌లో ఖాళీలు తెలిసినవాళ్లు ఉంటారు. మీతో కలిసి పనిచేసిన మనిషి పక్కనుండి ‘వీళ్లు నాకు తెలుసు’ అంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. ‘నాకేం అభ్యంతరం లేదు, అసోసియేషన్ ఒప్పుకోదు’ అని యజమాని అంటే, ఆ నిబంధన కాగితం మీద ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగండి. చాలాసార్లు అలాంటి కాగితం ఉండదు. ఎవరో ఒకరిద్దరు పెద్దమనుషుల ఇష్టమే అసోసియేషన్ పేరు పెట్టుకుని తిరుగుతూ ఉంటుంది.

టోలీచౌకీ వద్దని నేను అనను. అమ్మావాళ్ల పక్కన ఉండాలని మీకు ఉంటే వెళ్లండి. వేరే దారి లేక వెళ్లడం మాత్రం బాధాకరం. మా ఉద్యోగ కాలంలోనే ఈ ఊరు అలా విడిపోవడం చూశాను. ప్రతి గొడవ తర్వాతా కలగలిసి ఉన్న గల్లీల నుంచి కొందరు ఇటు, కొందరు అటు వెళ్లిపోయారు. మేం చిన్నపిల్లల బాల్వాడీ నడిపిన ఒక గదిలో ఒకప్పుడు పలకల మీద తెలుగూ ఉర్దూ రెండూ రాసేవాళ్లు, చివరికి ఒకటే మిగిలింది.

అశుతోష్ వార్ష్ణేయ అనే రాజకీయ శాస్త్రవేత్త మన దేశంలో నగరాలను రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి పరిశీలించారు. అలీగఢ్‌తో కాలికట్, అహ్మదాబాద్‌తో సూరత్, మన హైదరాబాద్‌తో లక్నో. హిందూ ముస్లింల పాళ్లు ఇంచుమించు ఒకేలా ఉన్నా ఒకచోట గొడవలు పదేపదే ఎందుకు, ఇంకోచోట ఎందుకు రావు అని. గొడవలు తక్కువున్న చోట వ్యాపారంలో, యూనియన్లలో, పార్టీల్లో, సంఘాల్లో రెండు మతాలవాళ్లూ కలిసి ఉన్నారని 2002లో రాశారు. లక్నోలో బట్టల మీద చికన్ ఎంబ్రాయిడరీ పని చేసే ముస్లిం కళాకారులకు, దాన్ని అమ్మే హిందూ వ్యాపారులకు ఒకరు లేకపోతే ఒకరికి గడవదు. పండగకు స్వీట్లు ఇచ్చిపుచ్చుకునే పరిచయం ఊళ్లలో సరిపోతుంది, నగరంలో అది పెద్ద దెబ్బకు ఆగదు, కలిసి నడిపే సంఘం ఆగుతుంది అంటారాయన. నేను చూసింది కూడా అదే.

ఈ జవాబు చదువుతున్న ఇంటి యజమానులకు ఒక మాట. అద్దె ఇచ్చేముందు ఉద్యోగం చూడండి, ఆధార్ చూడండి, పాత యజమానికి ఫోన్ చేసి కనుక్కోండి, గట్టి అగ్రిమెంట్ రాయించుకోండి. అద్దె సరిగ్గా కడతారా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారా అనేది వీటితో తెలుస్తుంది. పేరు అడిగి ఫోన్ పెట్టేస్తే తెలియదు. మీ పిల్లలు రేపు ఏ పుణేలోనో ఏ లండన్‌లోనో ఇల్లు వెతుక్కుంటూ తమ పేరు చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: మేం సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది కాబట్టి ఇల్లు కొందామని చూస్తే, నచ్చిన బ్లాక్‌లో భారతీయుల కోటా నిండిపోయిందన్నారు. ఇది వివక్ష కాదా? ఇంకో సంగతి, మా అత్తగారు వచ్చి ఉంటున్నారు. పగలంతా ఒంటరిగా ఉండి దిగులు పడుతున్నారు. పక్కింట్లో చైనీస్ ముసలావిడ, కింద మలే కుటుంబం. నవ్వుకోవడం తప్ప మాటల్లేవు.
– ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: కోటా మీ ఒక్కరి కోసం పెట్టింది కాదు. సింగపూర్‌లో 1964లో చైనీయులకు మలేలకు మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. తర్వాత ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఇళ్లలోకి జనం మారారు గానీ, 1980లు వచ్చేసరికి కొన్ని పేటల్లో మళ్లీ ఒకే జాతివాళ్లు గుంపుగా చేరడం మొదలైంది. బెడోక్, టాంపినీస్ వైపు మలేలు, హౌగాంగ్ వైపు చైనీయులు. దాన్ని ఆపడానికి 1989 మార్చిలో ప్రతి పేటకు, ప్రతి బ్లాక్‌కు జాతుల వారీగా పరిమితులు పెట్టారు. 2010లో సవరించిన లెక్క ప్రకారం ఒక బ్లాక్‌లో చైనీయులు 87 శాతం, మలేలు 25 శాతం, భారతీయులు, ఇతరులు కలిపి 15 శాతం మించకూడదు. పేట మొత్తానికైతే ఇవి 84, 22, 12. మీలా పీఆర్ మీద ఉన్న, మలేసియావాళ్లు కాని కుటుంబాలకు ఇంకో పరిమితి కూడా ఉంది, పేటకు 5 శాతం, బ్లాక్‌కు 8 శాతం. కాబట్టి మీరు రెండు గేట్లు దాటాలి. ఏ బ్లాక్‌లో ఖాళీ ఉందో హెచ్‌డీబీ వెబ్‌సైట్‌లో ముందే చూసుకుని ఇల్లు వెతకండి, మనసుపడ్డాక చూస్తే బాధ.

వివక్ష కాదా అన్నారు. ఇబ్బంది మాత్రం నిజమే, అది మలేలకు, భారతీయులకే ఎక్కువ. చైనీయుల కోటా నిండిన బ్లాక్‌లో వాళ్లు తమ ఇంటిని చైనీయులకు అమ్మలేరు, కొనేవాళ్లు తక్కువ కాబట్టి ధర దిగుతుంది. ఆ భారం వాళ్ల మీద పడటం నాకు నచ్చదు. అయినా పైన హైదరాబాద్ పాఠకురాలి ఉత్తరం చదివాక, ఒకే మెట్ల దారిలో అన్ని రకాల పేర్లూ ఉండాలని ఒక ప్రభుత్వం పట్టుబట్టడాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కోటా మిమ్మల్ని ఆ చైనీస్ ఆవిడ గుమ్మం పక్కకు తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ తర్వాత చేయవలసింది కోటా చేయదు.

అత్తగారి సంగతి నాకు మరీ ముఖ్యం. ఆమెను ‘మాట్లాడండి అత్తయ్యా’ అని తొందరపెట్టకండి. చేతికి ఒక పని చూపించండి. సింగపూర్ పార్కుల శాఖ 2005 నుంచి ‘కమ్యూనిటీ ఇన్ బ్లూమ్’ పేరుతో పేటల్లో అందరూ కలిసి పెంచుకునే తోటల్ని ప్రోత్సహిస్తోంది. మీ చుట్టుపక్కల బ్లాకుల దగ్గర ఒకటి ఉంటుంది, కనుక్కోండి. కరివేపాకు, పచ్చిమిరప, పసుపు, పాండన్ ఆకు అక్కడ బాగా వస్తాయి. మన ఊరి పెరట్లో చెట్లు పెంచిన ఆవిడకు పురుగు పట్టిన ఆకు చూపించడానికి భాష అక్కర్లేదు. పొద్దున్నే వెళ్లి నీళ్లు పోసే వంతు ఆవిడ పేరున రాయించండి. వంతు ఉందంటే రానప్పుడు ఎవరో ఒకరు ఏమైందని అడుగుతారు.

మలే ఇంటి పెళ్లి కింద వాయిడ్ డెక్‌లో (బ్లాక్ కింది ఖాళీ అంతస్తులో) జరుగుతుంటే తలుపేసుకుని కూర్చోకండి, పిలిస్తే అత్తగారిని తీసుకుని వెళ్లండి. ఆహారం గురించి మొహమాటం వద్దు, ఆవిడ శాకాహారి అని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ఏడో చాంద్రమాసంలో చైనీస్ ముసలావిడ కింద కాగితాలు కాలుస్తూ కనిపిస్తే భయపడవద్దని అత్తగారికి చెప్పండి. పోయినవాళ్లకు పెట్టుకునే రోజులవి. మహాలయ పక్షాలు తెలిసిన మనిషికి అది అర్థమవుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మా కాలనీ పక్కన పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు రేకుల షెడ్లలో ఉంటున్నారు. వాళ్ల పిల్లలు పగలంతా ఇసుకలో తిరుగుతుంటారు. మా పార్కులోకి వస్తే సెక్యూరిటీ వాళ్లు తరిమేస్తున్నారు. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడితే దొంగతనాలు జరుగుతాయంటున్నారు. నేను ఒంటరిగా ఏం చేయగలను?
– ఒక పాఠకుడు, అమీన్‌పూర్

జవాబు: మాస్టారూ, మీరు హెడ్మాస్టర్‌గా పనిచేసినవారు, మండల విద్యాధికారి ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో మీకు తెలుసు. ఆ కూలీలకు తెలియనిది అదే.

ముందు పార్కు. అనుమతి పొందిన లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం స్థానిక సంస్థ పేరు మీదకు వెళుతుంది. అసోసియేషన్ దాన్ని శుభ్రంగా ఉంచుతోంది, సంతోషం. కానీ అది వాళ్ల సొంతం కాదు, పిల్లల్ని తరిమే హక్కు సెక్యూరిటీకి లేదు. మీ లేఅవుట్ కాగితాలు తీసి ఆ సంగతి నిర్ధారించుకున్నాకే మీటింగ్‌లో ఎత్తండి. దొంగతనాల మాట వస్తే ఏది ఎప్పుడు పోయిందో అడగండి. పోలీసు కేసు ఉంటే అది వేరే విషయం, దానికి ఆరేళ్ల పిల్లవాణ్ణి ఉయ్యాల నుంచి దింపడం జవాబు కాదు.

తర్వాత బడి. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను జనన ధ్రువపత్రం లేదని, టీసీ లేదని, ఏడాది మధ్యలో వచ్చారని బడి నుంచి వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ఆరేళ్ల లోపు వాళ్లకు అంగన్‌వాడీ. తల్లిదండ్రుల దగ్గర సొంత రాష్ట్రపు రేషన్ కార్డు, ఆధార్ ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి తమ వాటా ధాన్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఈ ఏర్పాటు మొదలైందే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య, గుజరాత్, మహారాష్ట్ర మధ్య. ఇప్పుడు అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. షెడ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మొదటిసారి వెళ్లినప్పుడు చదువు గురించి ఉపన్యాసం ఇవ్వకుండా ఈ బియ్యం సంగతి చెప్పండి, ఒకరిద్దరిని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లండి. మీరు పనికొచ్చే మనిషని వాళ్లకు నమ్మకం కుదిరితే పిల్లల్ని మీ వెంట పంపుతారు.

భాష గురించి బెంగపడవద్దు. షెడ్లలోనే కాస్త చదువుకున్న, పెళ్లై వచ్చిన అమ్మాయి ఎవరో ఒకరు ఉంటారు. ఆమెను మీ పక్కన కూర్చోబెట్టుకుని సాయంత్రం ఒక గంట ఒడియాలో, హిందీలో అక్షరాలు ఆమె, తెలుగు అక్షరాలు మీరు చెప్పండి. ఏ వేళ పెట్టాలో తల్లుల్నే అడగండి. వంట వేళ, నీళ్ల వేళ వాళ్లకు తెలుసు. ఆ అమ్మాయికి ఎంతో కొంత జీతం ఇవ్వాలి. బిల్డర్‌ను అడగండి, కాదంటే కాలనీలో మీ పాత విద్యార్థులు ఉండకపోరు.

ఏటా జూన్‌లో బడిబాట జరుగుతుంది. టీచర్లే ఇంటింటికీ వచ్చి పిల్లల పేర్లు రాసుకుంటారు, కానీ రేకుల షెడ్లు చాలాసార్లు వాళ్ల దారిలో ఉండవు. మే నెలాఖరులోగా పిల్లల పేరు, వయసు, ఏ భాష, ఇంతకుముందు ఎంతవరకు చదివారు అన్నది ఒక జాబితా రాసి, దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్మాస్టర్‌కు ఒక కాపీ, మండల విద్యాధికారికి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. పెద్దపిల్లలు చిన్నవాళ్లను చంకనేసుకుని తిరుగుతుంటారు కాబట్టి అంగన్‌వాడీలో చిన్నవాళ్లు చేరాకే పెద్దవాళ్లు బడికి రాగలుగుతారు. అంగన్‌వాడీ టీచర్‌ను ముందు కలవండి.